ఒక తల్లి పాలు, మరియొక తల్లి బిడ్డ

పాఠ్యభాగము: నిర్గమకాండము 2:1–10.
తోడుగా చదువవలసినవి: ఆదికాండము 35:8, రెండవ రాజులు 11:1–3.

పాఠోద్దేశము: నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు కన్నతల్లి పాలు అందని దినములలో, పరీక్షించి శుద్ధిచేసిన మరియొక తల్లి పాలు ప్రాణాధారమని తెలిసికొనుట, అట్టి పాలను పుచ్చుకొనుటకు సిగ్గుపడక, ఇయ్యగలిగినప్పుడు వెనుదీయక యుండుట.

ఉపోద్ఘాతము

నైలునది ఒడ్డున జమ్ముపెట్టెలో ఉంచబడిన బిడ్డ కథ మన పిల్లలకు సహితము తెలిసినదే. ఆ కథ చెప్పునప్పుడు కన్నతల్లి తెగువను, ఫరో కుమార్తె కనికరమును మనము కొనియాడుదుము. ఆ బిడ్డ అక్క చేసిన పనిని మాత్రము అంతగా తలంచము. రాజకుమార్తె పెట్టె తెరిపించి చూచినప్పుడు బిడ్డ ఏడ్చుచుండెను. ఆమెకు జాలి కలిగెను. గాని జాలి ఆకలి తీర్చదు. రాజగృహములో బంగారమునకు కొదువ లేదు, పరిచారికలకు కొదువ లేదు. ఆ గడియలో బిడ్డకు కావలసినది పాలు. దూరమున నిలిచి కనిపెట్టుచుండిన అక్క ఈ సంగతి గ్రహించి, పాలిచ్చు దాదిని తీసికొని వత్తునా అని అడిగెను. చిన్నపిల్ల అడిగిన ఆ ప్రశ్నవలన బిడ్డ బ్రదికెను.

దాదులకు మన గ్రంథములో గౌరవస్థానమున్నది. రిబ్కా దాదియైన దెబోరా చనిపోయినప్పుడు ఆమెను బేతేలు దగ్గర సింధూరవృక్షము క్రింద పాతిపెట్టి, ఆ చెట్టుకు ఏడ్పును తెలుపు పేరు పెట్టిరి. రాజకుమారులందరు చంపబడుచుండగా పసివాడైన యోవాషును అతని మేనత్త యెహోషెబ దాచినప్పుడు, దాదినికూడ అతనితో దాచెను. బిడ్డను దాచి దాదిని బయట విడిచిన యెడల సగమే రక్షించినట్లగునని ఆమెకు తెలియును.

ఈ దినమున ఆ అక్క ప్రశ్నను ఆసుపత్రి గదిలో నిలిచి అడిగి చూతము.

1. నెలలు నిండని బిడ్డ

గర్భములో 37 వారములు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ యందురు. 2020వ సంవత్సరములో లోకమంతట సుమారు 1 కోటి 34 లక్షలమంది బిడ్డలు ఈలాగు పుట్టిరనియు, వారిలో సుమారు 30 లక్షలమంది మన దేశములోనే పుట్టిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలైనవారు లెక్కకట్టిరి. లోకములో పుట్టు పదిమందిలో ఒకరన్న మాట. కాబట్టి ఇది ఎక్కడనో, ఎవరికో జరుగు సంగతి కాదు.

కిలో బియ్యపు పొట్లమును అరచేతిలో పెట్టుకొని చూడుడి. కొందరు బిడ్డలు అంతకంటె తక్కువ తూకముతో పుట్టుదురు. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడు పనులను ఒకదానితో ఒకటి కుదుర్చుకొను నేర్పు బిడ్డకు సుమారు 34 వారములకు గాని రాదు. అంతకుముందు పుట్టిన బిడ్డ రొమ్ము త్రాగలేడు. కావున సన్నని గొట్టమును నోటిగుండనో ముక్కుగుండనో కడుపులోనికి పంపి, దానిద్వారా పాలు పోయుదురు. కిలో తూకపు బిడ్డకు మొదటి దినములలో రెండేసి గంటలకు 1 మిల్లీలీటరో 2 మిల్లీలీటర్లో ఇత్తురు. చిన్న చెంచాలో సగమైనను కాదు.

అంత కొద్ది పాలు ఏవైతేనేమి యని అనుకొనరాదు. ఆ బిడ్డ ప్రేగులు ఇంకను పక్వము కాలేదు. అట్టి ప్రేగులు వాచి, చచ్చి, కొన్నిసార్లు చిల్లులుపడు భయంకరవ్యాధి యొకటి కలదు. దానిని వైద్యులు నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ అందురు. డబ్బాపాలు త్రాగిన నెలలు నిండని బిడ్డలకు ఈ వ్యాధి, దాతలైన తల్లుల పాలు త్రాగినవారికంటె ఇంచుమించు రెండింతలుగా వచ్చుచున్నదని అనేక పరిశోధనలను కలిపి చూచినవారు కనుగొనిరి. డబ్బాపాలతో బిడ్డ త్వరగా తూకము పెరుగుట నిజమే. అయినను ప్రేగులు నిలువనిదే తూకమువలన ప్రయోజనమేమి?

2. ముర్రుపాలను పారబోయవద్దు

మన పల్లెలలో గేదె యీనినప్పుడు రైతు ఏమి చేయును? దూడ లేచి నిలిచిన వెంటనే దానిని పొదుగు దగ్గరకు నడిపించి ముర్రుపాలు త్రాగించును. ముర్రుపాలు త్రాగని దూడ నిలువదని అతనికి తాతల నాటినుండి తెలియును. మిగిలిన పాలతో జున్ను వండి ఇరుగుపొరుగు ఇండ్లకు పంచును. అట్టి మనమే మన ఆడబిడ్డ ప్రసవించినప్పుడు, పసుపుపచ్చగా చిక్కగా వచ్చు మొదటి పాలను చెడ్డపాలని పిండి పారబోయించి, పసికందు నోట తేనెయో చక్కెరనీళ్లో ఆముదమో పోసిన దినములున్నవి. ఇప్పటికిని కొన్ని ఇండ్లలో పోయుచున్నారు. దూడకు చేసిన పాటి మేలు మనుమనికి చేయవద్దా?

తల్లి ముర్రుపాలలో రోగములను ఎదిరించు పదార్థములు మెండుగా నుండును. అవి బిడ్డ ప్రేగుల లోపలి గోడలకు పూతవలె కాపుదల నిచ్చును. నెలలు నిండని బిడ్డను కన్న తల్లి పాలలో మాంసకృత్తులు, రక్షక పదార్థములు మరింత హెచ్చుగా నుండును. ఆలాటి బిడ్డకు తగినట్లుగానే ఆ తల్లి పాలు వచ్చుచున్నవి. గనుక ఈ పాఠములో మొదటి మాట ఇదే: బిడ్డకు మొదటి ఆహారము కన్నతల్లి పాలు. రెండవది మరియొక తల్లి పాలు. ఆ రెండును దొరకనప్పుడే, అదియు వైద్యుల మాటచొప్పున, డబ్బాపాలు.

3. పాలు పడలేదు అను మాట

నెలలు నిండకముందే కన్న తల్లికి పాలు ఆలస్యముగా వచ్చుట సాధారణము. ఒకతెకు కడుపు కోసి బిడ్డను తీసియుందురు. ఒకతె గుర్రపువాతముతో స్పృహలేక పడియుండును. మరియొకతె కాన్పయిన ఊరిలోని ఆసుపత్రిలో ఉండగా, బిడ్డను బండిలో హైదరాబాదుకు తరలించియుందురు. బిడ్డ నోరు రొమ్మునకు తగలనిదే పాలు ఊరుట కష్టము. ఈ సమయమున మంచము ప్రక్కన నిలిచి, దీనికి పాలు పడలేదు అను పెద్దల మాట తల్లి గుండెను కోయును. దిగులువలన పాలు ఇంకను వెనుకకు పోవును.

చేయవలసినదేమనగా, ప్రసవమైన మొదటి ఆరు గంటలలోపుననే చేతితో పాలు పిండుట మొదలుపెట్టవలెను. పగలు రాత్రి కలిసి 24 గంటలలో ఎనిమిది సారులకు తక్కువ కాకుండ పిండవలెను. మొదట కొన్ని బొట్లే వచ్చును. వాటినే శుభ్రమైన గిన్నెలో పట్టి నర్సమ్మకు ఇయ్యవలెను. వైద్యులు సరేయన్న వెంటనే బిడ్డను తల్లి వట్టి రొమ్ముమీద బోర్లించి పండుకొనబెట్టవలెను. దీనికి కంగారూ పద్ధతి యని పేరు. 1970ల కడపట దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున, ఇంక్యుబేటరు పెట్టెలు చాలని ఆసుపత్రిలో దీనిని ఆరంభించిరి. దీనివలన బిడ్డకు వెచ్చదనమును, తల్లికి పాలును కలుగును. తల్లి అలసినప్పుడు తండ్రియైనను, అమ్మమ్మయైనను ఆలాగు బిడ్డను మోయవచ్చును.

అయితే తల్లి పాలు సమృద్ధిగా వచ్చువరకు ఆ మూడు నాలుగు దినములు బిడ్డ ఏమి త్రాగవలెను? ఇక్కడనే దాది కావలెను.

4. నిలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి యున్నది. నిజాము కోడలైన నిలోఫర్ రాకుమార్తె, తన పరిచారిక ప్రసవమందు మరణించుట చూచి, స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి కావలెనని పట్టుబట్టెనని చెప్పుదురు. ఆసుపత్రి 1953లో ఆరంభమాయెను. నేడు తెలంగాణ జిల్లాలనుండి జబ్బుపడిన పసివారిని తెచ్చు పెద్ద ప్రభుత్వాసుపత్రి ఇదియే. ఇక్కడ 2017లో సుషేణ హెల్త్ ఫౌండేషన్ తోడ్పాటుతో ధాత్రి అను తల్లిపాల బ్యాంకు ఏర్పడెను. ధాత్రి యనగా దాది. పేరు తగినది.

ఇట్టి పని క్రొత్తది కాదు. లోకములో మొదటి తల్లిపాల బ్యాంకు 1909లో వియన్నా నగరమున పుట్టెను. మన దేశములో మొదటిది 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టరు అర్మిదా ఫెర్నాండెజ్ గారి పూనికవలన వెలసెను. ఆసియా ఖండమునకే అది మొదటిది. 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రభుత్వాసుపత్రులలో ఇట్టి కేంద్రములు నడుపవలసిన విధానమును ప్రకటించెను. ఆ విధానములోను పాల సేకరణకంటె ముందు, కన్నతల్లికే పాలు వచ్చునట్లు నేర్పి తోడుపడుట మొదటి పనిగా చెప్పబడినది.

పాలను ఎట్లు సిద్ధపరతురో మన అక్కచెల్లెండ్రు తెలిసికొనుట మంచిది. ముందుగా దాతయైన తల్లి ఆరోగ్యమును విచారింతురు. ఎయిడ్స్ కలుగజేయు హెచ్.ఐ.వి., పచ్చకామెర్ల జాతికి చెందిన హెపటైటిస్ బి, సవాయి మొదలైన రోగములు లేవని రక్తపరీక్షలో తేలవలెను. పొగాకు, మద్యము వాడునట్టివారి పాలు పుచ్చుకొనరు. తన బిడ్డ కడుపునిండ త్రాగగా మిగిలిన పాలనే ఇయ్యవలెను. తన బిడ్డకు తగ్గించి ఇచ్చుట తగదు. ఇష్టపూర్వకముగా ఒప్పుకొని సంతకము చేయవలెను.

తరువాత ఆ పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషములుంచి వెంటనే చల్లార్తురు. దీనిని పాస్చురైజేషన్ అందురు. ఈ వేడికి హానికరమైన సూక్ష్మజీవులు చచ్చును, హెచ్.ఐ.వి. కూడ నశించును. అటుపిమ్మట కొన్ని బొట్లను ప్రయోగశాలలో పరీక్షించి, సూక్ష్మజీవులు లేవని తేలిన పాలనే సున్నకు 20 డిగ్రీల క్రింది చలిలో గడ్డకట్టించి దాచుదురు. అనుమానమున్న పాలను పారబోయుదురు. వేడివలన రక్షక పదార్థములలో కొంత తగ్గునన్నది నిజము. అందుచేతనే కన్నతల్లి పచ్చిపాలకు ఇది సాటి కాదు. డబ్బాపాలకంటె మాత్రము ఎంతో మేలు.

ఒక లెక్క చూడుడి. రెండు గంటలకు 2 మిల్లీలీటర్ల చొప్పున దినమునకు 24 మిల్లీలీటర్లు. ఒక తల్లి ఇచ్చిన 100 మిల్లీలీటర్లు, అనగా చిన్న గ్లాసెడు పాలు, అంతటి బిడ్డకు నాలుగు దినములు వచ్చును. ఆ నాలుగు దినములలో కన్నతల్లి పాలు వచ్చును. దాది పని అంతటితో తీరును.

5. సైబరాబాదులోని మన బిడ్డలు

పల్లెలోనున్న మనకు ఇది దూరపు సంగతి యని ఎవరైన అనుకొనవచ్చును. మన సంఘపు రిజిస్టరు తీసి చూడుడి. హైదరాబాదులోనున్నవారి పేర్లు ఎన్ని లేవు? 1998లో హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి బండలమీద అద్దాల మేడలు లేచెను. మన కుమార్తెలలో చదువుకొన్నవారు ఆ మేడలలో కంప్యూటరు పనికి పోయిరి. చదువు లేనివారు అవే మేడలను తుడుచుటకు, హాస్టళ్లలో వంట చేయుటకు, ఇటుకలు మోయుటకు పోయిరి. ఇద్దరును ఒకే ఊరివారు, ఒకే గుడిలో ప్రక్కప్రక్కన కూర్చుండినవారు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చినప్పుడు ఒకతె పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి పోవును, ఒకతె నిలోఫర్ వైపు పోవును. బిడ్డ ప్రేగులు మాత్రము ఇద్దరికిని ఒకటే. ఎంత డబ్బు చెల్లించినను, కన్నతల్లి పాలు రాని దినమున ఆ బిడ్డకు కావలసినది మరియొక తల్లి పాలే.

ఉద్యోగము చేయు తల్లికి వేరొక చిక్కు కలదు. 2017లో సవరించిన చట్టము మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు జీతముతో 26 వారముల సెలవు నిర్ణయించెను. 50 మందియు అంతకు పైనను పనివారున్న చోట శిశుశాల యుండవలెననియు, తల్లి దినమునకు నాలుగు సారులు అక్కడికి పోయి రావచ్చుననియు చెప్పెను. ఈ హక్కులు నేటికిని ఉన్నవి. ముందటి సంవత్సరములో 80 దినములు పనిచేసిన కాంట్రాక్టు స్త్రీకి సహితము ఈ సెలవు చెందును. ఆమెకు ఈ మాట ఎవరును చెప్పరు గనుక మనము చెప్పవలెను. అయితే బిడ్డ ఆసుపత్రి పెట్టెలో గడిపిన వారములన్నియు ఆ 26లోనే కరగిపోవును. బిడ్డ ఇంటికి వచ్చి రొమ్ము పట్టనేర్చుకొనునప్పటికి ఆఫీసు పిలుచును. అప్పుడు పాలు పిండి భద్రపరచుట ఆమెకు అక్కరకు వచ్చును. ఆలాగు నేర్చినవారిలో పాలు మిగులువారును కలరు. అట్టి తల్లి దాత కాగలదు. ఇంటిలో పిండిన పాలను ఇయ్యదలచినామె ముందుగా పాల బ్యాంకును అడిగి, వారు చెప్పిన పాత్రలో, వారు చెప్పిన విధమున ఉంచి పంపవలెను. రాయదుర్గములోనో హైటెక్ సిటీలోనో మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో బండి మారి, లకడీకాపూల్‌లో దిగినయెడల నిలోఫర్ దగ్గరనే.

6. కొన్ని అభ్యంతరములు

ఎవరి పాలో, ఏ కులమువారివో అని కొందరందురు. ఒకే రొట్టెలో పాలుపొందువారి నోట ఈ మాట రాదగినది కాదు. ఫరో కుమార్తె ఆ బిడ్డ హెబ్రీయుడని ఎరిగియే ఎత్తుకొనెను.

ఆ తల్లి గుణములు బిడ్డకు వచ్చునేమో అని కొందరందురు. పాలవలన బలము వచ్చును, రక్షణ వచ్చును. గుణములు రావు, పోలికలు రావు. ఆవుపాలు త్రాగి పెరిగినవాడు అంబా యని అరచుట మనమెరుగము.

మా పొరుగింటామె పచ్చిపాలు ఇచ్చును గదా, బ్యాంకు ఎందుకు అని మరికొందరు అడుగుదురు. పూర్వము పిన్నియో మేనత్తయో రొమ్మిచ్చిన బిడ్డలు మన ఊళ్లలో ఉన్నారు. వారి ప్రేమను తక్కువ చేయము. అయితే ఇచ్చు తల్లికే తెలియని రోగము ఆమెలో ఉండవచ్చును. కిలో తూకపు బిడ్డ దానిని తాళలేడు. ఫోను గుంపులలో పరిచయమైనవారినుండి పాలు తెచ్చుకొనుట మరింత అపాయము. ప్రేమతోకూడ పరీక్షయు ఉండవలెను.

7. వెల కట్టని పాలు

ఫరో కుమార్తె దాదికి జీతమిచ్చెను గదా, నేడు తల్లి తన పాలను అమ్ముకొనిన తప్పేమి అని ఆలోచనగలవారు అడుగవచ్చును. మంచి ప్రశ్న. అక్కడ జీతము ఒక స్త్రీ బిడ్డను పెంచిన శ్రమకు చెల్లెను. ఆమె పెంచినది తన బిడ్డనే. పాలను సీసాలలో పోసి అంగడిలో అమ్ముట వేరు. వెల కట్టినయెడల ఆ వెలకొరకు ఎవరు వత్తురు? అప్పులలోనున్న తల్లి వచ్చును. తన బిడ్డ నోటి పాలను తీసి అమ్మును. ఆశచేత నీళ్లు కలుపుటయు, రోగమును దాచుటయు జరుగును. మన దేశములో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 మే నెలలో, తల్లిపాలను అమ్ముటకు చట్టము అనుమతింపదని, అట్టి వ్యాపారమునకు లైసెన్సు ఇయ్యరాదని హెచ్చరించెను. పాల బ్యాంకునకు ఇచ్చిన తల్లికి రూపాయి ముట్టదు. ఆ పాలు ఏ బిడ్డకు పోయెనో ఆమెకు తెలియదు. త్రాగిన బిడ్డ పెద్దవాడైనను ఆమె పేరు ఎరుగడు.

బిడ్డను పోగొట్టుకొనిన తల్లులలో సహితము కొందరు పాలు ఇచ్చుచున్నారు. బిడ్డ పోయినను కొన్ని దినములు పాలు వచ్చుట ఆగదు. ఆ బాధ అనుభవించినవారికే తెలియును. ఇమ్మని ఆమెను ఎవరును బలవంతపెట్టరాదు. ఇచ్చెదనని ఆమె తానే అన్నయెడల ఎవరును ఆపరాదు.

8. సంఘము చేయదగినది

స్త్రీల సమాజము ఈ పాఠమును గర్భిణీస్త్రీలున్న ఇండ్లలో చదువవలెను. ముర్రుపాల మాట అత్తలకును అమ్మమ్మలకును చెప్పవలెను. మన జిల్లా ఆసుపత్రిలో పాలు పిండుటకు నేర్పువారున్నారా, పాల బ్యాంకు ఉన్నదా అని కాపరిగారో పెద్దలో విచారించి తెలిసికొని యుండవలెను. రాత్రివేళ బండి ఎక్కునప్పుడు విచారించుటకు సమయముండదు. బిడ్డ ఆసుపత్రిలోనున్న తల్లికి పండ్లు పట్టుకొనిపోవుటకంటె, ఆమె పిండిన పాలను వేళకు చేర్చు మనిషిని, ఇంటిలోని పెద్దబిడ్డను చూచు మనిషిని పంపుట మేలు. ఆమె దగ్గర పాలు పడలేదు అను మాట ఎత్తవద్దు. వైద్యుడు మరియొక తల్లి పాలు పోయుదుమని అడిగినప్పుడు, ఆ తండ్రి ఒంటరిగా తత్తరపడకుండ, మంచిదే ఒప్పుకొమ్మని చెప్పు పెద్దమనిషి ప్రక్కన ఉండవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మోషే అక్క దూరమున నిలిచి ఏమి కనిపెట్టెను? ఆమె ప్రశ్న ఏ సమయమున అక్కరకు వచ్చెను?
2. యెహోషెబ దాదినికూడ ఎందుకు దాచెను?
3. మీ ఇంటిలో చివరిగా పుట్టిన బిడ్డ నోట మొదట ఏమి పోసిరి? అది ఎవరి మాటచొప్పున జరిగెను?
4. ప్రేమతో ఇచ్చినదానిని ఎందుకు పరీక్షించవలెను?
5. మీ సంఘములో ఈ సంవత్సరము ప్రసవింపనున్న స్త్రీలెందరు? వారిలో హైదరాబాదులో పనిచేయువారికి ఈ పాఠమును ఎవరు చేర్చెదరు?